బిడ్డ నోట పూత, తల్లి రొమ్మున మంట

మా చెల్లికి పిల్లాడు పుట్టి ఆ రోజుకి 18 రోజులు. బారసాలకి ఇంకా మూడు రోజులుంది. తెనాలిలో మా ఇంటి పెరట్లో అమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని, మనవణ్ణి కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసింది. సాంబ్రాణి పొగ వేసి, పొత్తిగుడ్డలో చుట్టి ఒళ్లోకి తీసుకునేసరికి వాడు నోరంతా తెరిచి ఏడుపు అందుకున్నాడు. అప్పుడు కనబడింది. నాలుక మీద, బుగ్గల లోపల, పై చిగురు మీద పెరుగు తరకల్లాగా తెల్లగా ఏదో అతుక్కుని ఉంది.

"పాల పాచి. రోజూ నాలిక తుడవండే అంటే వినరు కదా" అంది అమ్మ. చూపుడు వేలికి పాత పంచె ముక్క చుట్టుకుని, గోరువెచ్చని నీళ్లలో ముంచి తుడిచింది. పోలేదు. ఇంకాస్త గట్టిగా రుద్దింది. ఒకచోట పొర లేచింది. దాని కింద పచ్చిపుండులా ఎర్రగా ఉంది. గుడ్డ మీద చిన్న నెత్తుటి చుక్క. వాడి ఏడుపు వీధి మొగదాకా వినబడింది.

ఆ పూట ఇంట్లో వైద్యులకి కొదవ లేదు. బాలింత పథ్యం తప్పిందని పెద్దమ్మ తీర్పు చెప్పింది. మొన్న వంకాయ కూర వడ్డించింది ఎవరని ఆరా తీసింది. పక్కింటావిడ తేనె రాయమంది. ఫోన్లో చెల్లి అత్తగారు, "తల్లిపాలు పడట్లేదేమో వదినగారూ, నాలుగు రోజులు డబ్బాపాలు పట్టి చూడండి" అన్నారు. అందరూ పిల్లాడి గురించే మాట్లాడుతున్నారు. చెల్లి మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది.

సాయంత్రం పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన టార్చి వేసి పిల్లాడి నోరు చూడటానికి అర నిమిషం పట్టింది. ఆ తర్వాత టార్చి పక్కన పెట్టి చెల్లివైపు తిరిగారు. "పాలిచ్చేటప్పుడు నీకేమన్నా నొప్పిగా ఉంటోందా తల్లీ?"

చెల్లి ఒక్క క్షణం తలొంచుకుంది. "మంటగా ఉంటోందండీ. వాడు తాగడం అయిపోయాక కూడా చాలాసేపు లోపల సూదులతో పొడుస్తున్నట్టు ఉంటుంది. వారం దాటింది."

"నాకు చెప్పలేదేమే?" అంది అమ్మ.

"అందరికీ అలాగే ఉంటుందేమో అనుకున్నాను."

పిల్లాడికి మందు రాయించుకోవడానికి వెళ్లి, తల్లికీ బిడ్డకీ కలిపి చీటీ తెచ్చుకున్నాం. వచ్చిన జబ్బు ఇద్దరిదీ. మేం పట్టించుకున్నది మాత్రం ఒక్కరినే. చంటిపిల్లల నోటిపూత గురించి రాయాలని అప్పుడే అనుకున్నాను. ఎందుకంటే ఇది ప్రాణాలు తీసేంత జబ్బు కాదు, వచ్చేదీ అరుదుగా కాదు. అయినా మన ఇళ్లలో వారాల తరబడి సాగుతుంది. పోయిందనుకుంటే మళ్లీ వస్తుంది. సాగేది మందు లేక కాదు, ఆ రెండోమనిషిని ఎవరూ అడగకపోవడం వల్ల.

పాచి కాదు, వేళ్లు దిగిన పూత

దీనికి కారణం కాండిడా ఆల్బికన్స్ అనే ఫంగస్. కల్లుని పులియబెట్టే ఈస్టుకి దూరపు చుట్టం. కాండిడా అన్నా ఆల్బికన్స్ అన్నా లాటిన్‌లో తెలుపుకి సంబంధించిన మాటలే. పేరు పెట్టినవాళ్లు తెల్లతెల్లనిది అని రెండుసార్లు చెప్పారన్నమాట. ఇది ఎక్కడినుంచో ఎగిరొచ్చి వాలే పురుగు కాదు. ఆరోగ్యంగా ఉన్న మనలో చాలామంది నోట్లో, పేగుల్లో, ఆడవాళ్ల జననమార్గంలో ఎప్పుడూ కాస్తో కూస్తో ఉంటుంది. చుట్టూ ఉన్న మంచి బ్యాక్టీరియా, మన రోగనిరోధక శక్తి దాన్ని అదుపులో ఉంచుతాయి. అద్దెకున్నవాడు ఇల్లు తనదే అనుకుంటేనే పేచీ.

అదుపు తప్పినప్పుడు దీని రూపే మారిపోతుంది. గుండ్రటి కణాలుగా ఉన్నది సన్నటి పోగుల్లా సాగి, నోటి లోపలి పొరలోకి వేళ్లు దింపుతుంది. ఆ పోగులు కాండిడాలైసిన్ అనే విషాన్ని వదిలి కణాలకు చిల్లులు పొడుస్తాయని 2016లో శాస్త్రవేత్తలు తేల్చారు. అమ్మ గుడ్డతో రుద్దినప్పుడు రక్తం ఎందుకొచ్చిందో ఇది చదివాక నాకు అర్థమైంది. గిన్నెకి పట్టిన పాలమీగడయితే గీకితే వస్తుంది. ఇది గోడలోకి వేరు పోనిచ్చిన రావిమొక్క లాంటిది. పీకితే గోడ పెచ్చు ఊడుతుంది, వేరు లోపలే ఉంటుంది, పైగా ఆ పచ్చి చోటు కొత్త పూతకి దారి.

పాలు తాగిన వెంటనే ఏ పసివాడి నాలుకైనా తెల్లగానే ఉంటుంది. అది నాలుకకే పరిమితం, కాసేపటికి పలచబడుతుంది, తడిగుడ్డతో సుతారంగా అద్దితే వచ్చేస్తుంది. బుగ్గల లోపల, చిగుళ్ల మీద, అంగిట్లో కూడా తెల్లటి మచ్చలు ఉండి, అద్దినా రాకపోతే అనుమానించాలి. అంగిలి మధ్యగీత మీద రెండు మూడు గట్టి తెల్లటి ముత్యాల్లాంటివి కనబడితే మాత్రం కంగారక్కర్లేదు. అవి చాలామంది పుట్టుకతో తెచ్చుకునేవే, కొన్ని వారాల్లో వాటంతటవే పోతాయి.

పసివాళ్లకే ఎందుకు? వాళ్ల నోట్లో లాలాజలం తక్కువ, రోగనిరోధక శక్తి ఇంకా లేతది, కాండిడాతో పోటీపడే బ్యాక్టీరియా ఇంకా కుదురుకోలేదు. కాన్పు సమయంలో తల్లి జననమార్గం నుంచి ఫంగస్ అంటితే పూత సాధారణంగా రెండో వారంలో బయటపడుతుంది. నిండు నెలల్లో తెల్లబట్ట, దురద ఉన్నా సిగ్గుపడి డాక్టరమ్మకి చెప్పని తల్లులు మన దగ్గర ఎందరో. అక్కడ దాచిన మాటే తర్వాత బిడ్డ నోట్లో తెల్లగా కనిపిస్తుంది.

మరి ఆపరేషన్ చేసి తీసిన బిడ్డకి రాదా? నాకూ అదే సందేహం వచ్చింది. రాకపోవడమేమీ లేదు. తల్లి చర్మం నుంచి, ఎత్తుకున్నవాళ్ల చేతుల నుంచి, పాలపీక నుంచి కూడా వస్తుంది. పైగా కోత కాన్పు వెంట యాంటీబయాటిక్స్ ఉంటాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 21.5 శాతం కాన్పులు సిజేరియన్లయితే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. చాలాచోట్ల ఆపరేషన్ తర్వాత రోజుల తరబడి యాంటీబయాటిక్స్ వాడిస్తారు. అవి చెడు బ్యాక్టీరియాతోపాటు కాండిడాకి కాపలా కాసే మంచివాటినీ ఊడ్చేస్తాయి. ఫంగస్‌ని మాత్రం తాకలేవు. పిల్లాడికి జలుబు చేసిందని మందుల షాపులో అడిగి తెచ్చి పట్టే యాంటీబయాటిక్ సిరప్ కూడా చేసేది అదే పని.

భీమవరం నుంచి ఆల్బనీ దాకా

ఈ పూత వెనక ఫంగస్ ఉందని 19వ శతాబ్దం దాకా ఎవరికీ తెలియదు. 1839లో జర్మన్ వైద్యుడు లాంగెన్‌బెక్ ఒక రోగి నోటిపూతలో ఫంగస్‌ని చూశాడు. కానీ అది జబ్బుకి కారణమో, పక్కన చేరిన సాక్షో తేలలేదు. స్టాక్‌హోంలో పిల్లల వైద్యుడు బెర్గ్ 1840లలో దాన్ని తేల్చాడు. తేల్చిన పద్ధతి వింటే ఒళ్లు జలదరిస్తుంది: జబ్బుపడ్డ పిల్లల నోటి పొరని తీసి ఆరోగ్యంగా ఉన్న పసివాళ్ల నోట్లో అంటించాడు. వాళ్లకీ పూత వచ్చింది. ఇవాళ ఏ ఆస్పత్రి నైతిక సంఘమూ అలాంటిదానికి సంతకం పెట్టదు. 1849లో విల్కిన్‌సన్ అనే వైద్యుడు ఇదే తరహా ఫంగస్ జననమార్గంలోనూ ఉంటుందని రాశాడు. తల్లీబిడ్డల కథ రెండు కొసలూ అలా దొరికాయి.

మందు కథలో మనవాడి పేరూ పరోక్షంగా వినిపిస్తుంది. 1948లో అమెరికాలో లెడర్లీ సంస్థ ఆరియోమైసిన్‌ని లోకానికి చూపింది. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అదే మొదటిది. దాన్ని కనిపెట్టింది బెంజమిన్ డగ్గర్. ఆయన పనిచేసిన పరిశోధన విభాగానికి అధిపతి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అలాంటి మందులు ఎన్నో ప్రాణాలు నిలబెట్టాయి. అయితే వాటిని వాడిన రోగుల నోళ్లలో, పేగుల్లో కాండిడా పెచ్చుమీరడం కూడా వైద్యులు గమనించారు. బ్యాక్టీరియాని చంపే మందులున్నాయి, ఫంగస్‌ని చంపి మనిషిని బతకనిచ్చే మందు కావాలి.

దాన్ని తెచ్చింది ఇద్దరు ఆడవాళ్లు, న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖ ఉద్యోగులు. ఎలిజబెత్ లీ హేజెన్ న్యూయార్క్ నగరంలో ఫంగస్‌ల మీద పనిచేసేది. రేచల్ బ్రౌన్ దాదాపు 240 కిలోమీటర్ల దూరంలో ఆల్బనీలో రసాయన శాస్త్రవేత్త. ఊరూరి నుంచీ తెప్పించిన మట్టిలో పెరిగే సూక్ష్మజీవులను హేజెన్ పరీక్షించి, పనికొస్తాయనుకున్నవాటిని గాజు సీసాల్లో పెట్టి పోస్టులో పంపేది. బ్రౌన్ అందులోని మందు పదార్థాన్ని విడదీసి మళ్లీ పోస్టులోనే వెనక్కి పంపేది. పచ్చళ్లు పెట్టుకునే సీసాలవి. మన ఇళ్లలో కూతుళ్లకి ఆవకాయ పంపినట్టు వాళ్లు ఒకరికొకరు మట్టి పంపుకున్నారు. చివరికి వర్జీనియాలో హేజెన్ స్నేహితుల పాడి పశువుల క్షేత్రంలో తీసిన మట్టి నుంచి మందు దొరికింది. 1950లో ప్రకటించారు. పనిచేసిన న్యూయార్క్ స్టేట్ పేరు కలిసొచ్చేలా నిస్టాటిన్ అన్నారు. దానిమీద వచ్చిన 130 లక్షల డాలర్లకి పైబడిన రాయల్టీలో ఇద్దరూ సొంతానికి పైసా తీసుకోకుండా పరిశోధనలకే ఇచ్చేశారు. సుబ్బారావు 1948లోనే కన్నుమూశారు. తమాషా ఏమిటంటే, తర్వాత శాస్త్రవేత్తలు ఆయన పేరు పెట్టింది ఒక ఫంగస్‌కి: సుబ్బరోమైసెస్ స్ప్లెండెన్స్.

మందు తాకాలి, ఆగాలి

నిస్టాటిన్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే దాన్ని ఎలా వాడాలో ఎవరూ చెప్పక్కర్లేదు. ఫంగస్ కణపు పొరలో ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం ఉంటుంది. మందు దాన్ని పట్టుకుని పొరకి చిల్లులు పెడుతుంది. మన కణాల్లో ఎర్గోస్టెరాల్ ఉండదు. ఇంకో సంగతి, ఈ మందు పేగుల్లోంచి రక్తంలోకి దాదాపు ఎక్కదు. పసివాళ్లకి క్షేమమయింది అందుకే. అలాగే మింగేస్తే వృథా అయ్యేదీ అందుకే. అది చేసేదంతా పూతని తాకినచోటే.

కాబట్టి సిరప్‌లాగా గొంతులో పోసేస్తే ప్రయోజనం లేదు. సగం మోతాదు ఒక బుగ్గ లోపల, సగం ఇంకో బుగ్గ లోపల వేసి, శుభ్రమైన వేలితోనో దూదిపుల్లతోనో మచ్చలన్నిటికీ అద్దాలి. పాలకి ముందు వేస్తే పాలతోపాటు కడుక్కుపోతుంది. పాలు తాగాక వేయాలి. మామూలుగా రోజుకి నాలుగుసార్లు. మన దగ్గర పిల్లల డాక్టర్లు ఎక్కువగా రాసేది క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్. చేసే పని వేరు పద్ధతిలోనైనా, అద్దే తీరు అదే. ఎన్ని చుక్కలు, ఎన్నాళ్లు అనేది బిడ్డ వయసూ బరువూ చూసి డాక్టరు చెప్పాల్సిన మాట.

మేం చేసిన పొరపాటొకటి చెబుతాను. మొదటిరోజు దూదిపుల్లని సీసాలో ముంచి, నోట్లో అద్ది, మళ్లీ సీసాలో ముంచాం. రెండో ముంపుతో మందు సీసాలోకి పిల్లాడి నోరంతా వెళ్లింది. చిన్న గిన్నెలోకి నాలుగు చుక్కలు ఒంపుకుని, మిగిలింది పారబోయాలి. డ్రాపర్‌తో వేస్తే దాని కొస నోటికి తగలకూడదు.

ఇంకో పొరపాటు అందరూ చేసేదే. నాలుగో రోజుకి నోరు ఎర్రగా, శుభ్రంగా కనబడుతుంది. మందు అటకెక్కుతుంది. పైకి కనబడని పోగులు లోపలే ఉంటాయి, పది రోజులకి మళ్లీ తెల్లబడుతుంది. మచ్చలు పూర్తిగా పోయాక కూడా కనీసం రెండు రోజులు వాడమనేది అందుకే.

మైకోనజోల్ జెల్ అని ఇంకొకటుంది. బాగానే పనిచేస్తుంది గానీ, జిగురుగా ఉండే ఆ జెల్ ముద్ద గొంతుకి అడ్డం పడి ఊపిరాడని ప్రమాదం ఉందని నాలుగు నెలల లోపు పిల్లలకి వాడొద్దని హెచ్చరికలున్నాయి. నెలలు నిండక పుట్టినవాళ్లకి ఇంకా ఆలస్యంగా. ఎదురింటి పాపకి రాసిన ట్యూబు మనింటి పిల్లాడికి పనికొస్తుందని అరువు తెచ్చుకునే అలవాటు ఇక్కడ పనికిరాదు.

పాతతరం వాళ్లకి ఊదారంగు మందు గుర్తుండే ఉంటుంది. జెన్షన్ వయొలెట్. 1925లోనే అమెరికా వైద్యపత్రికలో దీని గురించి రాశారు. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో దశాబ్దాలపాటు పిల్లల నోళ్లు నేరేడుపండు తిన్నట్టు ఉండేవి దీనివల్లే. పలచగా, 0.25 శాతం ద్రావణంగా వాడితే పనిచేస్తుంది. గాఢత ఎక్కువైనా, రోజులు ఎక్కువైనా నోరే పుండ్లు పడుతుంది. 2019లో కెనడా ఆరోగ్యశాఖ దీనివల్ల క్యాన్సర్ ముప్పు ఉండొచ్చని ప్రజలను హెచ్చరించింది. వేరే మందులు చేతికందుతున్నప్పుడు ఇంట్లో పాత సీసా వెతికి తీయడం ఎందుకు?

ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు

బిడ్డ నోట్లోని ఫంగస్ పాలు తాగేటప్పుడు తల్లి చనుమొనకి అంటుతుంది. అక్కడ చీలికలుంటే ఇంకా సులువు. బిడ్డ నోటికి మందు వేశాం, తగ్గింది. రెండు రోజులకి తల్లి నుంచి మళ్లీ బిడ్డకి. మళ్లీ మందు. అందుకే ఇద్దరికీ ఒకేసారి వైద్యం మొదలుపెట్టాలంటారు, ఒకరికి లక్షణాలు అంతగా లేకపోయినా.

తల్లికి ఎలా ఉంటుంది? బాగానే పాలిస్తున్న తల్లికి ఉన్నట్టుండి రెండువైపులా నొప్పి మొదలవుతుంది. చనుమొన గులాబీరంగుకి తిరిగి నిగనిగలాడుతుంది, దురద, పొట్టు లేవడం, జాకెట్టు తగిలినా మంట. పాలిచ్చాక ఆ నొప్పి గంటదాకా ఉండొచ్చు. అలాగని రొమ్ములో ప్రతి నొప్పీ ఫంగస్ కాదు. మొదటి వారాల్లో వచ్చే నొప్పికి చాలాసార్లు కారణం బిడ్డ సరిగా పట్టకపోవడమే. నల్లటి వలయం కూడా చాలావరకు నోట్లోకి వెళ్లేలా పట్టిస్తే తగ్గుతుంది. ఒకవైపే ఎర్రగా, గట్టిగా ఉండి జ్వరం వస్తే అది వేరే సంగతి. చూడకుండా ఫోన్లో రాసిచ్చే ఫంగస్ క్రీముల మీద నాకు నమ్మకం లేదు.

ఫంగస్సేనని తేలితే డాక్టరు రాసిన క్రీముని పాలిచ్చిన ప్రతిసారీ తర్వాత పలచగా రాసుకుని, మళ్లీ పాలిచ్చేముందు మిగిలినదాన్ని మెల్లగా తుడిచేయాలి. ఎక్కువగా ఉంటే మాత్రలు కూడా ఇస్తారు. పాలివ్వడం మాత్రం ఆపక్కర్లేదు. పెద్దమ్మ చెప్పిన వంకాయకీ దీనికీ సంబంధం లేదు, పాలు పడకపోవడం అసలే కాదు. పూత వచ్చిందని తల్లిపాలు మాన్పించి డబ్బా పట్టుకుంటే, ఫంగస్‌కి ఇష్టమైన రబ్బరు పాలపీకని మనమే తెచ్చి బిడ్డ నోట్లో పెట్టినట్టు.

పాలపీక అంటే గుర్తొచ్చింది. మన దేశంలో పాలసీసాలకి ప్రకటనలు వేయకూడదని 1992 నుంచి చట్టమే ఉంది. అయినా పురిటికి వెళ్లే ప్రతి బ్యాగులోనూ ఒకటి ఉంటుంది. వాడక తప్పనివాళ్లు పీక, మూత, సీసా విడదీసి సబ్బునీళ్లతో బ్రష్షుతో తోమి, సలసల కాగే నీళ్లలో మునిగేలా పది నిమిషాలు మరగనివ్వాలి. రోజూ. నోట్లో పెట్టే ఉత్తి పీకలకీ ఇదే లెక్క. వైద్యం పూర్తయ్యాక పీకలు పారేసి కొత్తవి తెచ్చుకోవడం మేలు. రబ్బరు పగుళ్లలో ఏముందో మరిగించినా చెప్పలేం. పిండిన పాలు పట్టాలంటే ఉగ్గుగిన్నె ఉండనే ఉంది. ఒకప్పుడు తల్లిపాలలో ఆముదం కలిపి పోసిన గిన్నె అది. ఆముదం అక్కర్లేదు గానీ, గిన్నె మాత్రం సీసాకంటే నయం. మూలలు లేవు, తోమితే పోతుంది. ముక్కు లోపల మాత్రం వేలు దూరదు కాబట్టి దాన్నీ మరిగించాల్సిందే.

పంపుతో పాలు తీసి ఫ్రీజర్లో దాచుకునే ఉద్యోగస్తులైన తల్లులకి ఒక మాట. చల్లదనానికి కాండిడా చావదు. పూత ఉన్న రోజుల్లో తీసిన పాలు వైద్యం నడుస్తుండగానే బిడ్డకి పట్టేయండి, నెల తర్వాతికి దాచొద్దు.

ఇక గుడ్డలు. చెమ్మ, వెచ్చదనం, చీకటి ఉంటే కాండిడాకి పండగే. మన కోస్తా ఉక్కపోతలో పాలతో తడిసిన జాకెట్టు దానికి గ్రీన్‌హౌస్. తడిసిన వెంటనే మార్చుకోవాలి; లోదుస్తులు, పాలు ఒత్తుకునే గుడ్డలు, పిల్లాడి మూతి తుడిచేవి వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. వానాకాలంలో ఎండ లేకపోతే ఇస్త్రీపెట్టె. ఆడవాళ్ల లోదుస్తులు ఎవరికీ కనబడకుండా చీర కిందో, స్నానాల గదిలో మూలనో ఆరేసే మన అలవాటు ఫంగస్‌కి ఎంత మేలు చేస్తోందో ఆలోచిస్తే నవ్వూ కోపమూ రెండూ వస్తాయి.

మింగిన ఫంగస్ పేగుల గుండా వెళ్లి కిందకీ చేరుతుంది. తొడల సందుల్లో ముదురు ఎరుపు దద్దు, దాని చుట్టూ విడివిడిగా చిన్న ఎర్రటి చుక్కలు కనబడితే అది మామూలు డైపర్ దద్దు కాదు, నోటి పూతకి చెల్లెలు. నోటికీ దానికీ కలిపే మందు వేయాలి. పౌడరు దట్టంగా కొడితే మడతల్లో ముద్దకట్టి చెమ్మని పట్టి ఉంచుతుంది. కాసేపు ఏమీ కట్టకుండా గాలికి వదలడం మంచిది. డైపర్ మార్చాక, మందు వేశాక, పాలిచ్చేముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఇది తల్లికే కాదు, ఎత్తుకోవడానికి వచ్చే ప్రతి అత్తకీ బాబాయికీ వర్తిస్తుంది.

తేనె, వస, బోరో గ్లిజరిన్

పక్కింటావిడ చెప్పిన తేనె సంగతి. ఏడాది లోపు పిల్లలకి తేనె నాకించకూడదు, పూత ఉన్నా లేకున్నా. తేనెలో క్లోస్ట్రీడియం బోట్యులినం అనే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. మన పేగుల్లో అవి ఊరికే పోతాయి. పసివాడి పేగుల్లో మొలకెత్తి విషం వదిలితే కండరాలు చచ్చుబడతాయి, ఊపిరీ ఆగొచ్చు. పుట్టగానే తేనె నాకించే ఆచారం ఎంత పాతదైనా సరే.

బోరో గ్లిజరిన్ ఒకప్పుడు ప్రతి ఇంట్లో ఉండేది. అందులోని బోరిక్ యాసిడ్ పసివాళ్ల ఒంట్లో పేరుకుంటుంది. బోరాక్స్ కలిపిన తేనెలో పీకలు ముంచి ఇచ్చిన పసివాళ్లకి ఫిట్స్ వచ్చిన వైనం 1983లో వైద్యపత్రికకి ఎక్కింది.

వసకొమ్ము దగ్గరే అమ్మతో పేచీ వచ్చింది. సానమీద తల్లిపాలతో వస అరగదీసి నాలుకకి రాస్తే పిల్లలు గలగలా మాట్లాడతారని నమ్మకం. "మీ ముగ్గురికీ రాశాను, ఎవరికేమైంది?" అంది. వస సంగతి పక్కన పెట్టినా, ఆ సానరాయినీ కొమ్మునీ వేలినీ ఏ రోజైనా మరిగించామా అని అడిగితే సమాధానం లేదు. కొమ్ము డబ్బాలోకి వెళ్లింది.

ఎప్పుడు పరుగెత్తాలి

పూత ఉన్నా చాలామంది పిల్లలు హాయిగా తాగుతారు. తాగడానికి ఏడ్చి మొహం తిప్పేసుకుంటున్నా, మూత్రం తడపడం తగ్గినా, జ్వరం వచ్చినా, నీరసంగా ఉన్నా ఆగకూడదు. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టినవాళ్లలో కాండిడా రక్తంలోకి చేరితే ప్రాణం మీదికొస్తుంది కాబట్టి వాళ్లకి చిన్న మచ్చయినా చూపించాలి. ఉబ్బసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడే పిల్లలకి దానివల్ల కూడా పూత రావచ్చు, కాబట్టి పీల్చాక నోరు కడగడమో, కాసిని నీళ్లో పాలో పట్టడమో మరవొద్దు.

రెండు వారాలు సరిగా మందు వేసినా తగ్గకపోయినా, ఇద్దరికీ వాడినా మళ్లీ మళ్లీ వస్తున్నా, ఏడాది దాటిన పిల్లలకి కారణం లేకుండా వచ్చినా డాక్టర్లు రోగనిరోధక శక్తివైపు చూస్తారు. ఎయిడ్స్ గురించి 1981 జూన్ 5న అమెరికాలో వెలువడిన మొట్టమొదటి నివేదికలో ఉన్న అయిదుగురు రోగులకీ కాండిడా ఉంది. అందుకే మొండి పూతకి హెచ్ఐవీ పరీక్ష రాస్తే డాక్టరు మీద కోపగించుకోకండి. చాలాసార్లు భయపడాల్సింది ఏమీ ఉండదు, ఎప్పుడో ఉండే ఆ ఒక్కసారి దాటిపోకూడదని రాస్తారు.

ఆస్పత్రిలో కాన్పయిన బిడ్డను చూడటానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. రెండో వారంలో మొదలయ్యే పూతకి 14వ రోజూ 21వ రోజూ సరిగ్గా సరిపోతాయి. ఆవిడ వచ్చినప్పుడు బిడ్డ నోరు చూపించి, మన సంగతీ చెప్పుకోవచ్చు. ముందుగదిలో కాఫీ ఇచ్చి పంపేయకుండా లోపలికి పిలవాలి, అంతే.

మా చెల్లికి క్రీము మొదలుపెట్టిన అయిదో రోజుకి మంట తగ్గింది. పిల్లాడి నోరు అంతకుముందే శుభ్రపడింది. బారసాల నాటికి పూత ఇంకా కాస్త ఉండింది. ఫొటోల్లో వాడు నోరు తెరిచిన చోటల్లా కనబడుతుంది. ఆ తర్వాత మా వీధిలో ఏ ఆడపిల్ల పురిటికొచ్చినా అమ్మ ముందు పిల్లని ఎత్తుకోవడం మానేసింది. తల్లి పక్కన మంచం మీద కూర్చుని, మగాళ్లెవరైనా ఉంటే బయటికి పంపేసి, "నీకెలా ఉందే, పాలిస్తుంటే మంటేమన్నా ఉందా?" అని మొదలుపెడుతుంది.

మేనల్లుడికి ఇప్పుడు రెండో ఏడు. పొద్దున్న లేచింది మొదలు నోరు మూయడు, కాకితో, కుక్కతో, ఫోన్లో వాళ్ల నాన్నతో ఒకటే కబుర్లు. వస నాకించకుండానే వసపిట్ట అయ్యాడు కదమ్మా అన్నాను మొన్న.

"నాకించలేదని నీకెవరు చెప్పారు?" అంది అమ్మ, కూర తరుగుతూ, తలెత్తకుండా.